అప్పన్న మావ దిగని రేవు

లిస్బన్‌లో ఇది నా మొదటి ఉదయం. కిటికీ తెరవగానే తడిసిన మోకుల వాసన, డీజిల్ వాసన కలిసి లోపలికి వచ్చాయి. కింద ఎక్కడో ట్రాము గంట మోగింది. అరక్షణం మా ఊరు యారాడలో, అప్పన్న మావ అరుగు మీదే ఉన్నాననుకున్నాను.

మావ మా పక్కింటాయన. ముప్ఫై ఏళ్లు సరుకు ఓడల్లో కళాసీగా తిరిగాడు. యూరప్ రేవుల పేర్లు ఆయన నోట మా వీధుల పేర్లలా పలికేవి. చిన్నప్పుడు నాకు లిస్బన్ కబుర్లంటే ప్రాణం. ఓడ మీంచి చూస్తే పసుపు ట్రాము ఒకటి కొండెక్కి, తెల్ల గోడ దగ్గర మలుపు తిరిగి మాయమైపోయేదట.

"తిరిగీసి ఎక్కడికెల్తాది మావా?"

"నాకేటి తెలుసే గుంటా! నాను దిగితే కదా!"

ఓడ రేవులో ఆగితే సగం మంది ఊళ్లోకి దిగుతారు, సగం మంది కాపలా ఉంటారు. మావ దిగే వంతు వచ్చినప్పుడల్లా పిల్లలకి బొమ్మలు కొనాలనో, ఇంటికి ఫోన్ చెయ్యాలనో ఎవరో ఒకరు బతిమాలేవారు. "ఎల్లు బావా, నాను మల్లీసారి దిగుతాను" అనేసేవాడు. ఆ మళ్లీసారి రాకుండానే రిటైరయ్యాడు. ఎంత మంచివాడో అని ఊరంతా మెచ్చుకునేది. నేనూ మెచ్చుకున్నాను, నేర్చుకున్నాను కూడా. మధురవాడ ఆఫీసులో పదేళ్లు నా సెలవులన్నీ పక్కవాళ్లకే వదిలేశాను.

ఈ ఏడు మాత్రం నాలుగు నెలలు యూరప్ తిరగాలని టికెట్ కొన్నాను. "పిల్లలున్నవాళ్లు సెలవడుగుతున్నారు. నువ్వు ఒంటరిదానివేగా, వచ్చే ఏడాది వెళ్లు" అన్నాడు మా మేనేజర్. సరేనన్నాను. సాయంత్రం ఆ మాటే జబ్బుచేసి మంచం పట్టిన మావకి చెప్పాను.

"నీకేటైనా మతి పోయిందేటే?" అని లేచి కూర్చున్నాడు. నన్ను కసిరింది ఆ ఒక్కసారే. "నాను మంచోడ్నని ఇయ్యలేదే ఆ వంతు. బయ్యమేసి ఇచ్చీసినాను. బాస రాదు, దారి తప్పిపోతానేమోనని. దానికి మంచితనమని పేరెట్టుకున్నాను. నువ్వూ అదే సేత్తన్నావు."

నిజమే. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఆయన ఎదురుగానే మేనేజర్‌కి ఫోన్ చేసి, వెళ్తున్నానని చెప్పేశాను. నేను బయల్దేరడానికి నెల ముందు మావ పోయాడు.

ఇవాళ ఆ పసుపు ట్రాము ఎక్కాను. పట్టుకున్న కమ్మీ వదలకుండా నిలబడ్డాను. ఆయన భయం కూడా నాతోనే వచ్చిందేమో. తెల్ల గోడ వచ్చింది, మలుపు తిరిగింది. అటుపక్క ఒక మంగలి కొట్టు, ఆరేసిన దుప్పట్లు, గుమ్మంలో చేపలు కడుగుతున్న ఒక ముసలావిడ. అచ్చం మన యారాడే.

దిగాను. పది నిమిషాల్లో దారి తప్పాను. ఏమీ కాలేదు మావా, ఏమీ కాలేదు.