చర్ల దారిలో కొత్త రంపం

మస్కట్‌లో అల్యూమినియం కిటికీలు, తలుపులు బిగించే పని నాది. రెండేళ్లకోసారి సెలవు దొరుకుతుంది. ఈసారి సెలవు ఖాయమైనప్పటి నుంచీ మిషన్లు తెమ్మని చర్ల నుంచి సమ్మన్న ఫోన్లు మొదలయ్యాయి. సమ్మన్న మస్కట్‌లో నాతో ఒకే గదిలో ఉన్నవాడు. వీసా ముగిసి ఇంటికొచ్చాక చర్ల బస్టాండు దగ్గర వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. మన దగ్గర కొన్న గ్రైండర్ బిళ్ల తిరుగుతుండగానే పగిలి అతని కనుబొమ్మను చీల్చింది. కన్ను పోలేదంటే అదృష్టమే.

"డబ్బా మీద పేరు ఒకటుంటది, లోపల మాలు ఇంకోటుంటది తమ్మీ. నువ్వు చేతబట్టి, నడిపించి చూసి తే" అన్నాడు.

అలాగే చేశాను. మస్కట్‌లోని రువీ బజారులో నాలుగు దుకాణాలు తిరిగి, నడిపించి చూడకుండా ఏదీ కొనలేదు. బ్యాటరీతో నడిచే డ్రిల్లు, గ్రైండర్, ఒక రంపం. ఈ రంపం చూడటానికి పొడుగు మూతి ఉన్న జంతువులా ఉంటుంది. ముందుకు పొడుచుకొచ్చిన బ్లేడు ముందుకూ వెనక్కూ ఆడుతూ ఇనుప కడ్డీనైనా కోసేస్తుంది. తెచ్చుకోవాలనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను: మస్కట్‌లో కరెంటు మన కరెంటు లాంటిదే, ఛార్జర్ ప్లగ్గు మాత్రం మార్చుకోవాలి. మిషన్లు పెద్ద పెట్టెలో వెయ్యాలి, విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. అక్కడి వారంటీ ఇక్కడ పనికిరాకపోవచ్చు, అడిగి కొనాలి.

మార్చి నెల. మా ఇల్లున్న ఖమ్మంలో పొద్దున ఆరింటి బస్సు ఎక్కాను. "అక్కడ రెండు రోజులు కూసోకు, జల్దీ రా" అని బయల్దేరేటప్పుడు నా భార్య లలిత ఇంటి గేటు దాకా వచ్చి చెప్పింది. సంచి బరువుకు భుజం వంగిపోతోంది. కొత్తగూడెంలో బస్సు సగం ఖాళీ అయి మళ్లీ నిండింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన బొగ్గుబావిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడట. కాలితో నా సంచిని జరపబోయి జరపలేకపోయాడు.

"ఏందిది, బొగ్గు మోసుకపోతున్నవా?"

"మిషన్లు సార్. మస్కట్ నుంచి తెచ్చిన."

"మన దగ్గర దొరకవా?"

"దొరుకుతయ్. ఏది అసలుదో తెలుసుడే కష్టం."

"అవ్, అది నిజమే" అని కళ్లు మూసుకున్నాడు.

పాల్వంచ, సారపాక దాటి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరేసరికి తొమ్మిదిన్నర. బస్టాండు ఎదురుగా రెండు దోశలు తిని చర్ల బస్సు పట్టుకున్నాను. నా ముందు సీట్లో పల్లె దవాఖానాకు డ్యూటీకి వెళ్తున్న నర్సమ్మ కూర్చుంది. పేరు రమాదేవి అని తర్వాత తెలిసింది. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. కిటికీలోంచి వచ్చే గాలి కూడా ఘాటుగా ఉంది. రెండేళ్ల తర్వాత ఆ వాసన పీలుస్తూ హాయిగా కునుకు తీశాను.

లక్ష్మీనగరం దాటిన చాలాసేపటికి బస్సు ఒక్కసారిగా ఆగింది. ముందు సీటు కడ్డీకి నా నుదురు కొట్టుకుంది. "అయ్యో, అయ్యో" అని డ్రైవర్ అంటున్నాడు.

మలుపులో జామాయిల్ కర్ర వేసుకున్న లారీ ఆగి ఉంది. చర్ల వైపు నుంచి మిర్చి బస్తాలతో వస్తున్న చిన్న ట్రాలీ బండి దాని వెనక గుద్దుకుంది. బయటికి పొడుచుకొచ్చిన దుంగలు ట్రాలీ అద్దంలోంచి లోపలికి దూరాయి. బస్తాలు పగిలి రోడ్డంతా ఎర్రగా ఉంది. ముందు అదంతా రక్తమే అనుకున్నాను. మెట్టు మీద నిలబడి మళ్లీ చూస్తే మిర్చి.

దిగినవాళ్లందరికీ దగ్గులు, తుమ్ములు. ట్రాలీ డ్రైవర్ బతికే ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. దుంగ అతని భుజం పక్కనుంచి జానెడు దూరంలో పోయింది. కానీ బండి ముందు భాగం నొక్కుకుపోయి, క్లచ్ పెడల్ వంగి ఎడమ పాదాన్ని పట్టేసింది. ఇద్దరు గడ్డపార పెట్టి లాగుతున్నారు. లాగినప్పుడల్లా అతను తన కోయ భాషలో తల్లిని పిలుస్తూ అరుస్తున్నాడు.

"ఆపున్రి! పాదం తెగిపోతది!" అని రమాదేవి వాళ్లను పక్కకు తోసింది. చున్నీ తడిపి ముఖానికి కట్టుకుని అతని మోకాలి కింద గట్టిగా గుడ్డ బిగించింది. మా కండక్టర్ ఫోన్ పెట్టేసి, "108 దూరంల ఉన్నదంట. చానా సేపు పడతదంట" అన్నాడు.

"గంత సేపు ఆగడు ఈయన" అంది రమాదేవి మెల్లగా.

అప్పటిదాకా నేను గుంపులో నిలబడి చూస్తున్నాను. నా సంచిలో ఏముందో నాకే గుర్తు రాలేదు. ఎవరో "ఇనుము కోసే మిషన్ ఉంటే బాగుండు" అనేసరికి నా మిషన్లు గుర్తొచ్చాయి. పరుగెత్తుకెళ్లి సంచి దింపుకొచ్చాను. ముందు గ్రైండర్ చేతికొచ్చింది. బిళ్ల బిగించబోతూ కిందికి చూస్తే టైర్ల మధ్య నల్లగా తడి, డీజిల్ వాసన. గ్రైండర్ రవ్వలు వాన కురిసినట్టు కురుస్తాయి. దాన్ని పక్కన పెట్టి రంపం తీశాను. అందరినీ దూరం జరగమన్నాను. కారుతున్న చోట మట్టి పొయ్యమని, నీళ్ల క్యాను దగ్గర పెట్టమని కండక్టర్‌కు చెప్పాను.

రంపాన్ని చూడగానే ఆ డ్రైవర్ కళ్లు పెద్దవయ్యాయి. "అన్నా, కాలు కోస్తవా? వద్దన్నా, నీ కాల్మొక్త!"

"కాలు కాదు తమ్మీ. పెడల్ కోస్త. నీ పేరేంది?"

"జోగయ్య."

"జోగయ్యా, నర్సమ్మ దిక్కు చూడు. నా దిక్కు చూడకు."

చెప్పడం తేలికే. ఎన్నో ఏళ్లుగా లోహం కోస్తున్నాను, కానీ బ్లేడుకు అవతల మనిషి మాంసం ఎప్పుడూ లేదు. పెడల్ కడ్డీకీ, పాదానికీ మధ్య రెండు వేళ్ల సందు. ఎవరో ముసలామె తన టిఫిన్ డబ్బా స్టీలు మూత ఇచ్చింది. రమాదేవి దాన్ని ఆ సందులోకి దూర్చి, తన చేత్తోనే పట్టుకుంది.

"మీ చెయ్యి తియ్యండమ్మా" అన్నాను.

"తీస్తే మూత జారుతది. నువ్వు కొయ్యి."

నొక్కాను. ఆ చిన్న బండిలో ఆ చప్పుడుకు నా పళ్లు కదిలిపోయాయి. కడ్డీ ఎర్రబడకుండా ఒకతను సీసాతో నీళ్లు పోస్తున్నాడు. కళ్లలోకి కారం దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. సగం తెగాక రంపం నీరసించి ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది. దుకాణంలో నడిపించి చూడటంలోనే దాని శక్తి చాలావరకు ఖర్చయినట్టుంది. రెండో బ్యాటరీ ఎక్కించాను. కారంతో మండే కళ్లకు సరిగ్గా కనబడక అది మూడుసార్లు కుదరలేదు. నాలుగోసారి కుదిరింది. మళ్లీ నొక్కాను.

టంగుమని కడ్డీ తెగింది. బ్లేడు జారి స్టీలు మూతను గీరి ఆగింది. జోగయ్య అరుపు ఆగిపోయింది. నేను కిందికి చూడలేకపోయాను.

"తెగలేదు. పాదం ఉన్నది. మూత మీదనే ఆగింది" అంది రమాదేవి. ఆ తర్వాతే జోగయ్య పెద్దగా ఏడ్చాడు. అతనితో పాటు రోడ్డు మీద ఇంకా కొందరు ఏడ్చారు.

రక్తం మా బట్టలకంటుతుండగా అతన్ని మెల్లగా దించి వేపచెట్టు నీడలో పడుకోబెట్టాం. అంబులెన్సు వచ్చి అతన్ని భద్రాచలం తీసుకెళ్లింది. రమాదేవి కూడా ఎక్కింది. ఆమె మధ్యవేలి మీద చిన్న గాయం కనిపించింది. అది బ్లేడు వల్లా, రేకు వల్లా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మిషన్లు సంచిలో సర్దుకున్నాను. కండక్టర్ నన్ను చెయ్యి పట్టి బస్సెక్కించాడు.

చర్లలో సమ్మన్న నన్ను చూసి చేతిలోని పని పడేశాడు. "ఏంది తమ్మీ, ఈ రక్తం? ఏమైంది నీకు?" నేను రంపం చూపించాను. అతను దాన్ని పక్కన పెట్టి ముందు నా ముఖం కడిగాడు. అతని భార్య మజ్జిగ ఇచ్చింది. అన్నం ముందు కూర్చున్నాక జరిగిందంతా చెప్పాను. మొత్తం విని సమ్మన్న రంపాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"పోయినేడు మా ఊరి పక్కన ట్రాక్టర్ కింద ఒకాయన గిట్లనే ఇరుక్కున్నడు. గడ్డపారలతోటే గుంజినం. మా చేతులల్లనే పోయిండు" అన్నాడు. "ఈ రంపం కిటికీలకు వాడను. గోడకు తగిలిచ్చి పెడ్త. ఎవలు పిలిచినా పట్కపోత."

మర్నాడు పొద్దున్నే బయల్దేరి భద్రాచలంలో దవాఖానాకు వెళ్లాను. జోగయ్యకు రెండు కాలివేళ్లు తీసేశారు, పాదం నిలిచింది. అతని భార్య ఇడ్లీ తుంచి నోట్లో పెడుతోంది. జోగయ్య నన్ను చూపించగానే లేచి నిలబడి, నాక్కూడా ఒక ఇడ్లీ ఇచ్చింది. నిలబడే తిన్నాను.

పదకొండింటికి ఖమ్మం బస్సు. పాల్వంచ పొగగొట్టాలు కనిపిస్తుండగా, నా పక్కనున్న పెద్దమ్మ వెనక సీటామెతో అంటోంది: "చర్ల రోడ్డు మీద నిన్న యాక్సిడెంట్ అయిందంట. ఫారిన్ మిషన్ పెట్టి పిలగాని కాలు కోసి బయటికి తీసిన్రంట. ఏం మనుషులో!"

ఒక్క రోజులోనే కథ ఇంత దూరం వచ్చేసింది.

"కాలు కొయ్యలేదు పెద్దమ్మా. పెడల్ కోసిన్రు" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చూసినవా బిడ్డా?"

"చూసిన."

"మరి బతికిండా?"

"బతికిండు. పొద్దున ఇడ్లీ తిన్నడు."

ఆమె రెండు చేతులూ జోడించి కళ్లకద్దుకుంది. వెనక్కి తిరిగి, "బతికిండంట, ఇడ్లీ తిన్నడంట" అని గట్టిగా చెప్పింది. ఆ మాట సీటు నుంచి సీటుకు డ్రైవర్ దాకా వెళ్లడం విన్నాను. మస్కట్ నుంచి చర్ల దాకా చేసిన ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే, నేనూ ఇక ఆ రెండు మాటలే చెబుతాను.