పరుగెత్తే అక్షరాల కింద అన్నం

కరోనా కాస్త తగ్గిన ఏడు, మా అక్క ఇళ్లలో పని మానేసి, గల్ఫ్‌లోని ఈ అల్ కుసైస్‌లో మెస్ పెట్టింది. వంటకు నేను, బజారు పనులకు బావ. మెస్ నడిస్తేనే అక్కకు వీసా మళ్లీ కొడతారు. నడవకపోతే ఖలాస్, మూటాముల్లె సర్దుకుని గోదావరి జిల్లాకు విమానం ఎక్కాల్సిందే. అక్కకు నిద్ర లేదు. బావకు మాత్రం బోర్డు బెంగ.

బోర్డు వేయడానికి తన స్నేహితుడి అల్లుణ్ని పట్టుకొచ్చాడు. ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో ఉంటాడు, ఏదో ఆఫీసులో బొమ్మలూ అక్షరాలూ దిద్దే ఉద్యోగం. బావ అతణ్ని "డిజైనర్ గారు" అని తప్ప పిలిచేవాడు కాదు. సొంత మామగారిక్కూడా అంత మర్యాద ఇవ్వలేదని అక్క గొణిగేది.

డిజైనర్ గారు లాప్‌టాప్ తెరిచి అక్షరాలు చూపించాడు. గుమ్మడికాయల్లా లావుగా ఉన్నాయి. అన్నీ కుడివైపుకు వంగి, వెనకనించి ఎవరో తరుముతున్నట్టున్నాయి.

"కాళ్ల దగ్గర తోకలుండవు ఆంటీ. నగలూ నట్రా ఏమీ ఉండవు. బలంగా, ముందుకి ఒరిగి... చూడగానే స్పీడ్!"

"మా అన్నానికి స్పీడెందుకు బాబూ? కూర్చుని తినేదే కదా?" అంది అక్క.

"బ్రాండింగ్ ఆంటీ," అన్నాడు. ఆ మాట తర్వాత ఇంకెవరూ ఏమీ అడగకూడదన్నట్టు టీ గ్లాసు ఎత్తాడు.

"నువ్వూరుకో, నీకేం తెలుసు?" అన్నాడు బావ అక్కతో. ఆయనకు తెలిసిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

బోర్డు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు అలా పరుగెత్తడానికే పుట్టినట్టున్నాయి, వాటికేం కాలేదు. అవస్థంతా మన తెలుగుకే. గుండ్రంగా, పద్ధతిగా కూర్చునే పిల్లను మెడపట్టి తోసినట్టు, కంప్యూటర్లో పక్కకి నెట్టేశాడు. లావెక్కేసరికి లోపలి సున్నాలు పూడుకుపోయాయి. తలకట్లు గాలికి ఎగిరిన గొడుగుల్లా లేచాయి. ఇక అరబ్బీ కుడి నుంచి ఎడమకు పోతుంది కదా, దాన్ని అటువైపుకు వంచాడు. ఎడమపక్క తెలుగు, కుడిపక్క అరబ్బీ, రెండూ తలలు వంచి ఒకదాని మీదికొకటి దూకబోతున్న పొట్టేళ్లలా నిలబడ్డాయి. మధ్యలో పళ్లెం బొమ్మ. పాపం, దానికి దెబ్బ తగులుతుందేమోనని నాకు భయం.

తెరిచిన రోజు గుత్తివంకాయ, పప్పు, చేపల పులుసు చేశాను. మొదటి మనిషి వచ్చాడు. భుజం మీద తాళ్లు కట్టిన పెద్ద కార్టన్.

"అక్కా, ఇది జగిత్యాలకు ఎన్ని రోజులల్ల పోతది?"

"ఇది మెస్సు తమ్ముడూ. ఊళ్లకు సామాన్లు పంపే కార్గో కాదు," అంది అక్క.

అతను వెనక్కి నడిచి బోర్డు చూసి మళ్లీ వచ్చాడు. "మరి గా అక్షరాలేంది? ఉరుకుతున్నట్టున్నయి?"

ఆ తర్వాత ఒక పఠాన్ డ్రైవరు తల లోపలికి పెట్టి, "పంక్చర్ బనాతే క్యా?" అని అడిగాడు. సాయంత్రానికి ఇంకో రెండు కార్టన్లు వచ్చాయి. తినడానికి మాత్రం ఎవరూ రాలేదు. గిన్నెడు పులుసు మేమే తిన్నాం. మర్నాడూ అదే తంతు.

డిజైనర్ గారికి తెలియనిదొకటుంది. నేను ఊళ్లో రెండో తరగతితో బడి మానేసినదాన్ని. మాలాంటివాళ్లం ఇక్కడి బోర్డులు చదవం, చూస్తాం. తీగలు పాకినట్టు అక్షరాలుంటే బంగారం కొట్టు. నిటారుగా, బిగుసుకుని ఉంటే బ్యాంకు. లావుగా ఉండి పరుగెడుతుంటే కార్గో, టైర్లు, కార్లు కడిగే చోటు, లేదా కండలు పెంచే జిమ్. ఆ అక్షరాల కింద అన్నం ఉంటుందని ఎవరనుకుంటారు?

అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇలాగే ఉంటే నా వీసా కూడా ఆ అక్షరాలతోపాటే పరిగెత్తిపోద్ది."

బోర్డు మార్చాలంటే మళ్లీ అనుమతి కావాలి. పైగా బావ ఒప్పుకోడు. "జనానికి అలవాటు కావాలంతే," అంటాడు.

మూడో రోజు ఎవరో కార్టన్ తెచ్చినప్పుడు, అక్క కాదనలేదు. "ఆ మూల పెట్టు తమ్ముడూ. అసలు కార్గో వెనక సందులో ఉంది, తర్వాత పోదువుగాని. పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?"

అతను తినలేదు. కూర్చున్నాడు. నేను అన్నం వడ్డించి పులుసు పోశాను. మొదటి ముద్దకే తల పైకెత్తి, "యల్లా, ఇంకింత వొయ్యి అక్కా!" అన్నాడు. వెళ్లి కూలీలుండే క్యాంపులో చెప్పాడు. కార్గో బోర్డు ఉంటది, కార్గో ఉండది, లోపల మంచి బువ్వ పెడతరు అని. అడ్రసు అంతే. దాన్ని పట్టుకుని శుక్రవారానికి క్యాంపు గదులకు గదులే కదిలి వచ్చాయి. కొందరు ఆ మూల కార్టన్ పెట్టి తినిపోవడం అలవాటు చేసుకున్నారు.

అక్క వీసా మళ్లీ కొట్టారు. ఆ రోజు పాయసం చేశాను. పిలవకుండానే డిజైనర్ గారు వచ్చాడు, బోర్డు ముందు నిలబడి ఫోటో దిగాడు.

"చూశారా ఆంటీ? ఫాంట్ పవర్!"

"చూశాను బాబూ. పాయసం తిను," అంది అక్క. గిన్నెలో జీడిపప్పు మాత్రం పడనివ్వలేదు.

తర్వాత పక్క సందులో ఒక జిమ్ తెరిచారు. అవే లావు అక్షరాలు, అదే పరుగు. మొదటి వారమంతా మా మెస్సుకు రావాల్సినవాళ్లు అక్కడికెళ్లి, ఆ కండల మనుషుల్ని చేపల పులుసు ఉందా అని అడిగారట.