టైమూ, సంతకమూ

జాంజిబార్ నుంచి ఒమన్ వచ్చిన ఆ నల్లజాతి మహిళ మొదట మా హాస్పిటల్లో మిడ్‌వైఫ్. తర్వాత స్కూల్లో టీచరు, ప్రెస్సులో టైపిస్టు. ఇప్పుడు అల్ మవాలేలో తన ఇంటి హాల్లోనే సొంతంగా పుస్తకాలు వేస్తోంది.

వాళ్లమ్మ జీవితకథను ఇంగ్లీషులో రాసి, ప్రూఫు చూడమని నాకిచ్చింది. నేను నర్సుని. తప్పు కనిపించిన ప్రతిచోటా కేస్ షీట్లో లాగే ఒక్క గీత కొట్టి, పక్కన టైము వేసి సంతకం పెట్టాను. తిరిగిచ్చేశాక గానీ చేసిన పని తెలిసిరాలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆమె నవ్వలేదు. చివరి పేజీ తీసి, ఖాళీగా వదిలిన చోటు చూపించింది.

"అమ్మ పోయినప్పుడు డ్యూటీలో ఉంది నువ్వే కదా, సిస్టర్. ఆ టైమ్ కూడా నువ్వే వెయ్యి."

వేశాను. పక్కన సంతకం పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.