మామూలుదే అన్న మాట

మలేషియాలోని మా క్లాంగ్ ఊళ్లో సగం మంది చీనావాళ్లకు అమ్మకాల ఇంగ్లీషు నేర్పింది నేనే. సరే, సగం మంది కాదు, మా పక్కింటావిడ ఒక్కతే. పనిచేసే చేతితొడుగుల ఫ్యాక్టరీ మూతపడి ఆవిడ ఖాళీగా ఉంది. సూపర్‌మార్కెట్లో రైస్ కుక్కర్లు అమ్మే ఉద్యోగం ఉంది గానీ, ముందు ఇంగ్లీషులో అమ్మి చూపించాలట. కొనేవాళ్లు మలయ్‌లోనో తమిళంలోనో బేరమాడతారు. ఈ ఇంగ్లీషు ఎవరిని ఉద్ధరించడానికని అడుగుతున్నాను!

మా వంటింటి బల్ల దగ్గర ఆఫర్, వారంటీ, లిమిటెడ్ స్టాక్ అన్నీ ఇట్టే పట్టేసింది. చిక్కంతా మర్యాదతోనే. మెచ్చుకుంటే కాదనడం వాళ్లింటి పద్ధతి. ఒప్పుకుంటే పొగరంటారు.

"ఈ కుక్కర్ చాలా బాగుందమ్మా!" అన్నాను, కొనడానికి వచ్చినవాడిలా.

"లేదు లేదు అంకుల్, మామూలుదే," అంది చక్కటి ఇంగ్లీషులో.

"అదేమైనా నువ్వు కన్న బిడ్డా, సిగ్గుపడటానికి?" బల్ల గుద్దాను.

"ఏటయ్యా ఆ అరుపులు? ఆయమ్మకి ఉజ్జోగం కావాల, నీ తిట్లు కాదు," అంది మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి.

పరీక్ష రోజు నేనూ వెంట వెళ్లాను. మేనేజరు కుర్రాడు ఆవిడ వండిన అన్నం రుచి చూసి "వెరీ గుడ్" అన్నాడు.

"నో, నో, నాట్ సో గుడ్!"

అతను ఇంకొకరిని పిలవమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా గర్జనకు షాపంతా నిలిచిపోయింది. అబద్ధమెందుకు, గర్జించలేదు. "ప్లీజ్ లా సార్, ఇంకొక్కసారి," అని ఇక్కడివాళ్లు మాట మాటకీ తగిలించే 'లా' కూడా తగిలించి మనవడి వయసువాణ్ని బతిమాలాను. నసుగుతూ ఒప్పుకున్నాడు.

ఆవిడను పక్కకు పిలిచాను. "మెచ్చుకోగానే థాంక్యూ అను. వెంటనే ఆఫర్ చెప్పెయ్."

"మరీ సిగ్గులేనట్టుండదూ, అంకుల్?"

"సిగ్గు ఇంటికెళ్లాక పడుదువుగాని లా!"

అతను మళ్లీ నోట్లో పెట్టుకుని, "గుడ్ రైస్," అన్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. గరిటె గట్టిగా పట్టుకుని, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు "థాంక్యూ" అంది. ఆపైన ఊపిరి పీల్చకుండా ఆఫరూ వారంటీ అన్నీ కురిపించింది.

సోమవారం నుంచి రమ్మన్నాడు.

బస్టాపులో నేను సంబరపడుతుంటే ఆవిడ తలొంచుకుని నిలబడింది. "మా అమ్మ వింటే చెంప పగలగొట్టేది, అంకుల్."

అమ్మ నేర్పిన మర్యాదను చెప్పుల్లా గుమ్మం బయట విప్పి వస్తేగాని కూడు పెట్టరా వీళ్లు? ఆ కోపమంతా ఆలస్యంగా వచ్చిన బస్సు డ్రైవరు మీద చూపించాను. అంటే, మనసులో.