చూసింది, విన్నది, అనుకున్నది

మొన్న ఆదివారం ఆరాధనకు బయలుదేరుతుంటే ఫోను టింగుమని, "అక్కని అడగాలి" అన్న నా రాతే నాకు చూపించింది. గుర్తుచేయమని చెప్పింది నేనే గనుక దాన్ని తిట్టడానికీ లేకపోయింది.

మనసులో పెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే రోజుల్లో, సొన తగిలి నల్లబడిన చేతులతోనే నందిగాంలో అక్కవాళ్ల కొత్తింటి ప్రార్థనకు వెళ్లాను. పాస్టరుగారి పక్కన నిలబడడానికి బావ అయినవాళ్లందరినీ పేరుపేరునా పిలిచాడు, నన్ను తప్ప. నా చేతులు చూసి అక్కే సిగ్గుపడి పిలవొద్దని చెప్పి ఉంటుందని అక్కడే తేల్చుకుని, భోజనం చేయకుండా వచ్చేశాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. బావ పోయినప్పుడు కూడా సమాధుల తోటలో దూరంగా నిలబడి వచ్చేశాను.

నిరుడు, టెక్కలిలో చదివే మనవరాలు ఫోనులో నోట్స్ రాసుకోవడం నేర్పింది. సరుకులూ మందుల వేళలూ రాయడం వచ్చాక, చేయి ఊరుకోక అక్క మీద ఫిర్యాదంతా రాశాను. అది చదివి పిల్ల నవ్వింది.

"అమ్మమ్మా, ఇందులో నువ్వు సూసిందేటి, ఎవలో సెప్తే ఇన్నదేటి, నువ్వనుకున్నదేటి? అన్నీ ఒకే బుట్టలో ఏసేసేవు!"

అంటూ మూడు పేజీలు తెరిచి ఇచ్చింది. కోపం వచ్చింది గానీ, నిండు గుండు, సగం బద్ద, విరిగిన ముక్క వేరుచేయని జీడిపప్పు తట్టను మా మేస్త్రీ వెనక్కి నెట్టేవాడని నాకు తెలియనిదా? ఒక్కో వాక్యాన్నీ వేలితో పట్టి లాగి ఆ పేజీల్లో వేశాను. బావ పిలవకపోవడం చూసిన పేజీలోకి వెళ్లింది. అక్క సిగ్గుపడిందన్నది మాత్రం, ఎంత తిప్పినా అనుకున్న పేజీ దాటి రాలేదు. ఇన్నేళ్లూ ముక్కను గుండులో కలిపి దాచుకున్నానేమోనన్న అనుమానం నిలవనీయక, అడగాలని రాసుకున్నాను.

ఆరాధన అయ్యాక ఆటో ఎక్కి నందిగాం వెళ్లి, గుమ్మంలో నిలబడే ఫోనులో రాసింది చూపించి అడిగాను. అక్క నా చేతుల వైపు చూసింది.

"నీ సేతులకి నాను సిగ్గుపడనేదే సెల్లీ. నిన్ను పిలవనేదని నాను సూసేను. మీ బావ ముందు నోరిప్పనేక ఊరుకున్నాను."

"ఊరుకోడం కూడా తప్పే. అది నాను సెరపను."

"సెరపకు. లోపలికొచ్చి తినెల్లు," అంటూ పనసతొనల పళ్లెం తెచ్చింది.

తిన్నాను. ఇంటికొచ్చి సిగ్గు మాట చెరిపేశాను, విన్న పేజీలో ఊరుకున్న మాట చేర్చాను.

ఇప్పుడు పిక్కలు మిషన్లు కొడుతున్నాయి, ఎవరి చేతులూ నల్లబడడం లేదు. మా రోజుల్లో పప్పు ఏరడం నేర్పారు గానీ మనసులోది ఏరుకోమని ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్ని కాదేమో. మేమిద్దరం మాట్లాడుకోని ఆ ఏళ్లను ఏ పేజీలో వెయ్యాలో మాత్రం మనవరాలికీ తెలియలేదు.