శనివారం తాగిన పొగ బీరు

గ్లాసు ముక్కు దగ్గరకు తెచ్చుకోగానే నాకు తోచింది తాగేవాడికి తోచాల్సిన మాట కాదు, వంటింట్లోంచి వినపడే మాట: ఎక్కడో ఏదో మాడిపోతోంది. నిజంగానే చుట్టూ చూశాను. ఇర్వింగ్‌లో మిత్రుడి ఇంటి గరాజ్‌లో ఉన్నాం. తలుపు సగం ఎత్తి ఉంది. బయట టెక్సాస్ ఎండ, లోపల ఒక ఫ్యాను, రెండు మడత కుర్చీలు. మాడుతున్నది ఏదీ లేదు. వాసన గ్లాసులోంచే వస్తోంది.

మిత్రుడు మా ఆఫీసువాడే. నాకంటే పదేళ్ళు చిన్న, వరంగల్ వైపు వాడు. శనివారం మధ్యాహ్నం ఒక కొత్త రకం బీరు సీసా తెచ్చి, ఇద్దరం సగం సగం పోసుకుని, ఎలా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాయడం అతని సరదా. నా సరదా కూడా అదే అయింది. ఇంట్లోకి సీసా రానివ్వనని అతని భార్య ఒకే మాట చెప్పింది కనుక గరాజ్.

ఆ రోజు తెచ్చింది జర్మనీ బీరు. అక్కడ ఒక ఊళ్ళో బార్లీని మొలకెత్తించి, బీచ్ చెట్టు కట్టెలు కాల్చి, ఆ పొగ మీద ఆరబెడతారట. గింజకు పట్టిన పొగ బీరులోకి దిగుతుంది. ఒకప్పుడు అన్ని ఊళ్ళలోనూ గింజ అలాగే ఆరేదట. తరవాత పొగ తగలకుండా ఆరబెట్టే పద్ధతులు వచ్చాక అందరూ హాయిగా మారిపోయారు. ఈ ఊరివాళ్ళు మాత్రం మారలేదు. ఆ మొండితనాన్ని సంప్రదాయం అంటున్నారు. మిత్రుడు ఇదంతా ఫోన్లో చూసి భక్తిగా చదివి వినిపించాడు.

రంగు బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ముదురు టీ డికాక్షన్ లాంటి గోధుమరంగు. ఎండకు పట్టి చూస్తే అంచుల్లో ఎరుపు. నురగ చిక్కగా, వెంటనే చావకుండా నిలబడింది. అమెరికన్లు ఈ వాసనను పొగబెట్టిన పంది మాంసంతో పోలుస్తారు. నాకు మా సముద్రం వైపు బొగ్గుల మీద కాల్చే ఉప్పుచేప గుర్తొచ్చింది. దాని వెనక వానకు తడిసిన కట్టెలతో అంటుకోని పొయ్యి.

మొదటి గుక్కలో పొగ తప్ప ఇంకేమీ లేదు. గొట్టంతో పొయ్యి ఊదుతూ పొరపాటున గాలి లోపలికి పీల్చుకుంటే గొంతు ఎలా గీరుకుంటుందో అలా ఉంది. రెండో గుక్కకు పొగ కొంచెం పక్కకు జరిగింది. అడుగున తీపి తగిలింది, కొద్దిగా ముదిరిన బెల్లం పాకం లాంటిది. చేదు లేదన్నంత తక్కువ. గ్లాసు వేడెక్కేకొద్దీ రుచి మెరుగైంది, వాసన ఘోరమైంది. నాలుక ఒప్పుకుంటోంది, ముక్కు ఒప్పుకోవడం లేదు. ఇలాంటి పానీయంతో మనిషి ఏం చేయాలి?

"ఎట్లున్నదన్నా?" అన్నాడు మిత్రుడు, పెన్ను పట్టుకుని.

"మాడిన ఉప్పుచేప నీళ్ళలో వేసి ఇచ్చినట్టుంది."

"చేపనా?" గ్లాసు కింద పెట్టేశాడు. "అన్నా, ఇయ్యాల శనివారం. చేప వాసనొస్తే నేను తాగొచ్చా మరి?"

"బీరు తాగొచ్చు గానీ చేప వాసన రాకూడదా?"

"బీరంటే బార్లీ అన్నా. ప్యూర్ వెజ్." అయినా అనుమానం తీరక సీసా తిప్పి లేబుల్ మీది చిన్న అక్షరాలు మొత్తం చదివాడు. వెంకటేశ్వరస్వామికి మొక్కు, శనివారం వాళ్ళింట్లో మాంసం మాట అటుంచి, గుడ్డు కూడా పగలదు. లేబుల్‌లో మాంసం లేదని తేలాక గ్లాసు తీసుకున్నాడు. "రెండు గుక్కలకే తీర్పు చెప్పకన్నా, మొత్తం తాగు," అని నాకు ఇంకొంచెం పోయబోయి సీసా ఎక్కువ వంచాడు. నురగ పొంగి నా చొక్కా ముందు భాగమంతా కారింది.

తుడుచుకున్నాను. ఫ్యాను గాలికి పది నిమిషాల్లో ఆరింది. ఆరిందంటే పోయిందనుకున్నాను. గంటసేపు ఆ పొగలో కూర్చున్న నా ముక్కు అప్పటికే పనిచేయడం మానేసిందని నాకు తట్టలేదు.

చొక్కా మీద పొగ వాసన నాకు ఎందుకంత ప్రమాదమో చెప్పాలి.

ఇరవై ఏళ్ళు సిగరెట్లు కాల్చాను. నా భార్య తండ్రి చుట్టలు కాల్చేవాడు. ఆఖరి ఏడాది ఆయన దగ్గుతుంటే వీపు రాస్తూ కూర్చున్నది ఆమే. నేను జేబులో పెట్టె పెట్టుకున్న ప్రతిసారీ ఆమె ఏం చూసిందో నాకు తెలుసు. తెలిసీ ఇరవై ఏళ్ళు కాల్చాను. నాలుగేళ్ళ క్రితం మానాను. మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి భవనం అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటుంది. అక్కడ లేచి సాక్ష్యం చెప్పాను. సిగరెట్ మానానని చెప్పి కూర్చుంటే సరిపోయేది. అందరూ స్తోత్రం, స్తోత్రం అంటుంటే ఊపు వచ్చి, "ఇకమీదట సిగరెట్టే కాదు, ఏ మత్తూ నా పెదవులకు తగలదు," అన్నాను. ఎవరూ అడగలేదు. నా భార్య ఏడ్చింది. మరుసటి నెల నుంచి ప్రభువు బల్ల రోజున, అంటే నెలకోసారి అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజున, ద్రాక్షరసం పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య తిరిగే పని పాస్టర్ గారు నాకు ఇచ్చారు.

ఆ మాట రెండేళ్ళు నిలబెట్టుకున్నాను. మిగతా రెండేళ్ళు శనివారాలు "క్రికెట్ చూసొస్తా" అని చెప్పి గరాజ్‌కు వెళ్ళాను. తాగేది అరసీసా. దాని మీద గుప్పెడు సోంపు, ఒక గంట ఆగడం, మళ్ళీ సోంపు. అరసీసాకు ఇంత తతంగమా అని ఒక్కసారి అనుకున్నా, అప్పుడే ఆమెకు చెప్పేసి ఉండేవాణ్ణి.

ఆ రోజు కూడా సోంపు నమిలి ఇంటికి వెళ్ళాను. ఆమె మరుసటి రోజు సంఘంలో భోజనాలకు పులిహోర కలుపుతోంది. నా దగ్గరకు వచ్చి, ఏదో అడగబోయి ఆగిపోయింది.

"ఏవండీ, పొగ వాసన."

"బార్బెక్యూ," అన్నాను. ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట! ఈ ఊళ్ళో వారాంతం వస్తే సగం పెరళ్ళలో పొగే కదా. "వాడు పెరట్లో గ్రిల్ పెట్టాడు. చికెన్."

"శనివారమా?"

నాకు అర్థం కాలేదు.

"వాళ్ళింట్లో శనివారం చికెనా?" అంది. "వాళ్ళావిడ శనివారం నా ఎగ్ పఫ్ కూడా ముట్టుకోదు."

రెండు గంటల క్రితమే నా ఎదురుగా ఒక మనిషి శనివారం అని భయపడి సీసా మీది అక్షరాలన్నీ చదివాడు. నేను నవ్వాను కూడా. ఆ ఇంటిని గురించి అబద్ధం ఆడాల్సి వచ్చినప్పుడు మాత్రం నాకు శనివారం గుర్తు రాలేదు. మాకు లేని నియమం కదా, తలలో నిలవలేదు.

"వాళ్ళు కాదు, పక్కింటివాళ్ళు," అన్నాను.

"ఇందాక వాడు పెట్టాడన్నారు."

"వాడి పక్కింటివాళ్ళు."

ఆమె అరవలేదు. నా చొక్కా కాలరు పట్టుకుని ఒకసారి వాసన చూసి వదిలేసింది. "మళ్ళీ ఎప్పట్నుంచి?" అంది.

"నేను సిగరెట్ ముట్టలేదు. ఒట్టు."

"మరి ఇదేంటి?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ఒక్క వాక్యం చాలు. కానీ ఆ వాక్యం వెనకే పాస్టర్ గారు, పళ్ళెం, సంఘంలో అంకుల్ అని పిలిచే పిల్లలు అందరూ వరుసగా నిలబడ్డారు. "చెప్పాను కదా, పక్కింటివాళ్ళదని," అన్నాను. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి నాకు. ఆమె వెనక్కి తిరిగి పులిహోర కలుపుకుంది.

మరుసటి రోజు నెలలో మొదటి ఆదివారం, బల్ల రోజు. ఎవరి మీదనైనా మనసులో ఏదైనా ఉంటే సమాధానపడి రండి, లేదంటే ముట్టకండి అని పాస్టర్ గారు ఎప్పటిలాగే చెప్పారు. ఎప్పటిలాగే నేను వినలేదు. చిన్న ప్లాస్టిక్ కప్పులు ఒలకకుండా పళ్ళెం ఎత్తడం మీదే నా ధ్యాస. మూడో వరుస దగ్గర ఆగి పళ్ళెం చాపాను. చివర నా భార్య కూర్చుంది. ఆమె నా ముఖం చూడలేదు. ఒక వేలితో పళ్ళాన్ని పక్కనున్న ఆంటీ వైపు జరిపింది.

పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఆమె బల్ల వదలడం నేను చూడలేదు. జ్వరంతో వచ్చి తీసుకున్న మనిషి. ఆ ఆంటీ ఆమెను చూసింది, తరవాత నన్ను చూసింది. పళ్ళెం తీసుకుని నాలుగో వరుసకు కదిలాను.

పళ్ళెం ముందు బల్ల మీద పెట్టాక, పంచినవాళ్ళం చివర్లో తీసుకోవాలి. నేను తీసుకున్నాను. మానేస్తే అందరూ గమనిస్తారని తీసుకున్నాను. ఈ మొత్తం కథలో నేను చేసిన పనులన్నిటిలోనూ నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

పార్కింగ్ లాట్‌లో ఏసీ వేసి కూర్చున్నాక అడిగింది, "మీరు తీసుకున్నారా?"

"తీసుకున్నాను."

"నేను మీ మీద కోపం పెట్టుకుని తీసుకోలేకపోయానండీ. మీకేం అడ్డు రాలేదా?"

అప్పుడు చెప్పాను. "సిగరెట్ కాదు. బీరు."

"బీరుకి పొగ వాసన ఎందుకొస్తుంది?"

వివరించాను. జర్మనీ అన్నాను, బార్లీ మొలకలు అన్నాను, బీచ్ కట్టెలు అన్నాను. చెబుతున్నకొద్దీ నాకే వినబుద్ధి కాలేదు. నేను ఆడిన రెండు అబద్ధాలూ ఎవరైనా నమ్మేలా ఉన్నాయి. ఈ నిజం మాత్రం తాగుబోతు కల్పించినట్టుంది. పొగలేని బీర్లు లోకంలో కొన్ని వందలు ఉంటాయి. ఆ శనివారం వాడు అందులో ఒకటి తెచ్చి ఉండకూడదా?

"జర్మనీలో కట్టెల పొయ్యి," అంది ఆమె. "ఇంకా ఎంత లాగుతారండీ?"

"కావాలంటే చూపిస్తాను."

"చూపించండి."

ఇలా ఆదివారం సాయంత్రం, పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని, నా భార్య బీరు వాసన చూడటానికి బయలుదేరింది.

మిత్రుడు షార్ట్స్‌లో తలుపు తీసి కంగారుపడ్డాడు. "రండి వదినా, చాయ్ తాగుతరా?"

"నిన్నటి బీరు ఇంకోటి ఉందా?"

అతను నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. గరాజ్ ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చి మూత తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచింది. తరవాత నా చొక్కాను గుర్తు చేసుకుంటున్నట్టు కళ్ళు మూసి, మళ్ళీ ఒకసారి వాసన చూసింది.

"ఇదే," అంది. "ఛీ. దీన్నెలా తాగారు?"

"సగం తాగినంక మంచిగుంటది వదినా," అన్నాడు మిత్రుడు, పాపం, సాయం చేద్దామని.

"ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారు ఈయన?"

"రెండేండ్లైతున్నది. అన్న మీకు చెప్పిండనుకున్న."

ఆమె సీసా అతని చేతికిచ్చి, థాంక్స్ చెప్పి, వచ్చి కార్లో కూర్చుంది.

నేను స్టీరింగ్ పట్టుకుని, "చూశావా, సిగరెట్ కాదు," అన్నాను. గెలిచినట్టే అన్నాను. ఆ గొంతు నా చెవికే అసహ్యంగా తగిలింది.

"సిగరెట్ కాదు, మంచిదే," అంది. "నిన్న రాత్రంతా మా నాన్న దగ్గు వినపడింది నాకు. మీరు పక్కనే పడుకుని ఉన్నారు. ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు."

కారు వెనక్కి తీశాను.

ఆ వారం పాస్టర్ గారిని కలిసి అంతా చెప్పాను. సిద్ధపడి వెళ్ళాను గానీ ఆయన రెండు నిమిషాల్లో, "సరే బ్రదర్, ప్రార్థన చేద్దాం, కొన్నాళ్ళు పళ్ళెం వేరేవాళ్ళు పట్టుకుంటారు," అని ముగించారు. ఇంకాస్త మందలిస్తే బాగుండుననిపించింది. కారణం ఆయన ఎవరికీ చెప్పలేదు కనుక సంఘం తనంతట తాను ఒకటి ఊహించుకుంది: నేను మళ్ళీ సిగరెట్లు మొదలుపెట్టానని. ఒక పెద్దాయన నా భుజం తట్టి, ఊపిరితిత్తులకు మంచిదని తులసి కషాయం చెప్పి వెళ్ళారు. చేయని తప్పుకు జాలి పడితే ఇంత ఒళ్ళు మండుతుందని నాకు తెలియదు.

ఇంటికొచ్చి నా భార్య దగ్గర విసుక్కున్నాను. "కనీసం నువ్వైనా చెప్పొచ్చు కదా, సిగరెట్ కాదని."

ఆమె బట్టలు మడతపెడుతోంది. "వాళ్ళేమనుకుంటే మీకేంటండీ?" అంది. "నేనేమనుకుంటున్నానో ఇంతవరకు అడిగారా?"

అడగలేదు. మంచం అంచున కూర్చుని, పక్కనున్న తువ్వాలు తీసి మడతపెట్టడానికి చూస్తూ అడిగాను. "ఏమనుకుంటున్నావు?"

"ఇంకా తెలియదు," అంది.

కోపంగా అనలేదు. నిజంగా తెలియదన్నట్టే అంది. నేను మడిచిన తువ్వాలు విప్పి, సరిగ్గా మడిచి పక్కన పెట్టింది. రేపు మళ్ళీ అడుగుతాననుకున్నాను. అడిగాను కూడా. తెలిసినప్పుడు తనే చెబుతానంది.