ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించిన వీడియో గేమ్

సోల్డరింగ్ పొగకి ఇల్లంతా కమురు వాసన. టేబుల్ మీద నా చిన్నప్పటి వీడియో గేమ్ మూత విప్పుకుని పడి ఉంది. పక్క కుర్చీలో కూర్చుని నాన్న నా చేతుల వంకే చూస్తున్నాడు.

మా చిన్నప్పుడు కాయ ముదిరిందంటే ముసునూరు దగ్గర మా మామిడితోటలోనే మకాం. కోసిన కాయల సొన ఘాటు, పాకలో గడ్డి కింద మాగబెట్టిన చిన్నరసాల తీపి వాసన, ఉప్పూకారం అద్దిన పుల్లముక్కలు, వడగాలికి గలగలమనే ఎండుటాకులు, ఇన్ని ఉన్నా నా ప్రాణమంతా ఆ గేమ్ మీదే. తోటలో కరెంటు లేదు. చిన్న టీవీని ట్రాక్టర్ బ్యాటరీతో నడిపే నాన్న, నా ఏడుపు భరించలేక గేమ్‌కి కూడా రెండు వైర్లు తగిలించి, "బ్యాటరీ జోలికెళ్లకు బుజ్జమ్మా" అని చెప్పి కోత దగ్గరికి వెళ్లాడు.

ఆడుతుండగా ఆ వైర్లు ఊడిపోయాయి. పిలిస్తే ఆట కట్టేస్తాడని నేనే తగిలించాను, ఎర్రది ఉండాల్సిన చోట నల్లది. సన్నగా పొగ వచ్చి గేమ్ ఆగిపోయింది. పరిగెత్తుకొచ్చిన నాన్న, బ్యాటరీ పవర్ ఎక్కువై కాలిందనుకున్నాడు. "నాదే బుద్ధి తక్కువ. పిల్లదాని ఆట తగలబెట్టాను" అని కూలీల ముందే తల పట్టుకున్నాడు. నేను కిక్కురుమనలేదు. పైగా రెండు రోజులు అన్నం తినకుండా అలిగాను, అంత గడుసుదాన్ని.

ఇప్పుడు నాన్నకి మతిమరుపు జబ్బు. అమ్మ పోయిన సంగతి కూడా గుర్తులేదు గానీ ఇదొక్కటి మాత్రం మర్చిపోలేదు. రోజూ పొద్దున్నే "నీ ఆట పాడుచేశాను కదమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. "వైర్లు మార్చింది నేను నాన్నా" అంటే "దొంగపిల్లా!" అని హాయిగా నవ్వుతాడు. కాఫీ తాగేలోపు మర్చిపోయి మళ్లీ ఏడుస్తాడు. ఆ గేమ్ కళ్లెదుట ఆడుతూ కనిపిస్తే ఆ ఏడుపు ఆగుతుందని నా ఆశ.

అడాప్టర్ మార్చాను, కాలిన ముక్కలు మార్చాను, గేమ్ క్యాసెట్ అంచున ఉండే రాగి పళ్లు రబ్బరుతో రుద్దాను. ఎర్ర లైటు వెలిగింది గానీ తెర మీద బొమ్మ రాలేదు. హనుమాన్ జంక్షన్‌లో రిపేరు షాపతను బోర్డు మధ్య నల్లటి చుక్క చూపించి, "మెయిన్ చిప్పు పోయిందండీ. ఇది దొరకదు" అనేశాడు. అచ్చం అలాంటిదే పాతది కొని తెచ్చిపెడితే, నాన్న తిప్పి తిప్పి చూసి "ఇది మనది కాదమ్మా" అన్నాడు.

తోట ఉన్నచోట ఇప్పుడు పామాయిల్ చెట్లు. పాక లేదు, ట్రాక్టర్ లేదు. ఇవాళ మళ్లీ స్విచ్ వేశాను. ఏమీ రాలేదు.

నాన్న తన కుర్చీని నా దగ్గరికి జరుపుకుని, మొహమాటంగా నా మొహంలోకి చూశాడు.

"మా బుజ్జమ్మ వచ్చేలోపు బాగవుతుందాండీ?"

తప్పు నాదని ఇంకోసారి చెబుదామంటే, ఆయన ఎదురుగా ఇప్పుడు కూతురు లేదు, ఎవరో మెకానిక్ ఉంది.

"అవుతుందండీ" అన్నాను.